బదులు

మా వైపు ఇంట్లో చక్కెర నిండుకుంటే పక్కింటి గడపలో గ్లాసు పట్టుకుని నిలబడి, "రోంత చక్కెర బదులిస్తావా అక్కా?" అని అడుగుతాం. అడిగిన మాటకి చెప్పే జవాబు కూడా బదులే. ఒకరి చోట ఇంకొకరు కూర్చున్నా బదులే. ఒక్క మాటలో ఇన్ని అర్థాలు ఎందుకు ఇరికించారో పెద్దలకే తెలియాలి. ఇన్నేళ్లుగా నవలలు రాసుకుంటూ ఈ మాటని వందసార్లయినా వాడి ఉంటాను. దాని బరువెంతో నాకు తెలిసింది మాత్రం మొన్న ఎండాకాలంలో, అదీ ఒక నల్లటి చీమంత వస్తువు దగ్గర. నవ్వకండి, నిజంగానే చెబుతున్నాను.

మాది మైలవరం. విజయవాడ దగ్గరి మైలవరం కాదండోయ్, పెన్న మీద డ్యాము ఉన్న కడప జిల్లా మైలవరం. గండికోట లోయలోంచి ఒరుసుకుంటూ వచ్చిన పెన్న మా ఊరి దగ్గర కాసేపు ఆగి, ఆ తరవాత జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వైపు వెళ్తుంది. మా వారు హైస్కూలు మాస్టారు. పిల్లలిద్దరు. పెద్దవాడు ఇంజనీరింగు చివరి సంవత్సరానికి వచ్చాడు. చిన్నది తొమ్మిదో తరగతి. చిన్నదాన్ని నేను కన్నాను. పెద్దవాణ్ణి కనలేదు. వాడి తల్లి జ్వరంతో పోయేనాటికి వాడికి మూడేళ్లు, నేను ఆ ఇంట్లో కాలు పెట్టేనాటికి ఐదు. అంటే ఈ ఇంటికి నేను బదులుగా వచ్చిన మనిషిని. ఈ మాట నా గురించి నేను ఇంత తిన్నగా రాసుకోవడం ఇదే మొదటిసారి.

వాడికి ఎలక్ట్రానిక్స్ అంటే పిచ్చి. సెలవులిస్తే ఇంట్లో ఉండడు. ప్రొద్దుటూరులో ఎలక్ట్రానిక్ కాటాలు బాగుచేసే ఒక లైసెన్సు షాపులో పని నేర్చుకోవడానికి పొద్దున్నే బస్సెక్కుతాడు. ప్రొద్దుటూరు అంటే మీకు తెలియనిదేముంది? బంగారానికి పేరు పడిన ఊరు. ఆడపిల్ల పెళ్లి కుదిరితే మా చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ముందు ప్రొద్దుటూరు ప్రయాణం కడతారు, ఆ తరవాతే పంతుల్ని పిలుస్తారు. అంత బంగారం తూగే ఊళ్లో కాటాలకి జబ్బు చేయకుండా ఉంటుందా?

మే నెలలో ఒకరోజు ఒక పాత కాటా వచ్చిందట. రెండొందల గ్రాముల వరకు తూచేది. లోపల ఒక ఐసీ పోయింది. దాని పేరు ఓపీ07. అది దొరకలేదు. షాపులో డబ్బాల కొద్దీ ఉన్నది 741 అనే ఇంకో రకం. "రెండూ ఒకటే జాతి, పెట్టి చూడు" అన్నాడట షాపాయన. వీడు పెట్టాడు. కాటా పనిచేసింది. సున్నా చూపించింది. పది గ్రాముల తూకం రాయి పెడితే పది చూపించింది. ఆ రాత్రి ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాడే గానీ ముద్ద దిగడం లేదు.

"ఏంరా, ఎవరన్నా ఏమన్నా అన్నారా?" అన్నాను.

"లేదు పిన్నమ్మా. పిన్నుకి పిన్ను సరిపోయింది, కానీ సరిపోలేదు."

పిన్నుకీ పిన్నమ్మకీ ప్రాస కలిసింది కదా అని నేను నవ్వాను. వాడు నవ్వలేదు.

నేను బి.ఏ. తెలుగు, చరిత్ర. కరెంటు పోతే ఫ్యూజు ఎక్కడుందో వెతకడం దాకానే నా విజ్ఞానం. అయినా ఆ రాత్రి వాడు చెప్పినదంతా విన్నాను. కథలు రాసేవాళ్లకి వినడమే సగం ఉద్యోగం. నాకు అర్థమైనంత వరకు మీకూ చెబుతాను.

ఈ ఐసీల వంశం పేరు ఆపరేషనల్ ఆంప్లిఫైయర్. ముద్దుగా ఆపాంప్ అంటారట. కూడికలు, తీసివేతల వంటి లెక్కలు చేసే యంత్రాల కోసం పుట్టింది కాబట్టి 1947లో అమెరికాలో రగజ్జినీ అనే ప్రొఫెసరు, ఆయనతో పనిచేసేవాళ్లు ఆ పేరు పెట్టారట. అప్పట్లో గాజు వాల్వులతో చేసేవారు. ఇప్పుడు చింతగింజంత కూడా ఉండదు. దానికి రెండు చెవులూ ఒక నోరూ. రెండు చెవుల్లో పడిన వాటికి మధ్య తేడా ఎంతో చూసి, ఆ తేడాని లక్షల రెట్లు పెంచి నోటితో చెబుతుంది. "అత్తగారు ఒకటి, కోడలు ఒకటి చెబితే మధ్యలో పనిమనిషి ఊరంతా చాటినట్టన్న మాట" అన్నాను. "అచ్చం అంతే" అన్నాడు.

మరి లక్షల రెట్లు అరిచేదాన్ని ఎలా వాడుకుంటారు? అది చెప్పిన మాటలో కొంత మళ్లీ దాని చెవిలోకే తెచ్చి పోస్తారట. తన మాట తనకు వినపడగానే అది తనను తాను దిద్దుకుంటుంది. ఈ ఉపాయం 1927లో హెరాల్డ్ బ్లాక్ అనే ఇంజనీరుకు, పడవలో నది దాటి ఆఫీసుకు వెళ్తుండగా తట్టిందట. అలా కట్టేశాక ఆ ఐసీ ఎన్ని రెట్లు పెంచాలన్నది దాని చేతుల్లో ఉండదు. దాని చుట్టూ పెట్టిన రెండు రెసిస్టర్లు నిర్ణయిస్తాయి. పది రెట్లంటే పది, వంద రెట్లంటే వంద.

"అందుకే పిన్నమ్మా, ఆపాంపుల్లో ఒకదాని బదులు ఒకటి పెట్టడం కుదురుతుంది. చుట్టూ ఉండేవి సరిగా ఉంటే లోపలికి వచ్చింది ఎవరైనా సర్దుకుంటుంది" అన్నాడు.

రెసిస్టరంటే అడ్డుపడేది అని నాకు తెలుసు. నా పెళ్లయిన కొత్తలో ఈ ఇంట్లో నాకు అలాంటివి రెండు ఉండేవి: మా అత్తగారు, మా పెద్దాడబిడ్డ. ఎంత మాట్లాడాలో, ఎంత నవ్వాలో, పిల్లవాడి మీద ఎంత కోప్పడాలో వాళ్లే నిర్ణయించేవారు. అప్పుడు కడుపు మండేది. ఇప్పుడు ఆలోచిస్తే, నేనేమిటో తెలియని రోజుల్లో ఆ పిల్లవాణ్ణి కాపాడింది ఆ అడ్డే. మా అత్తగారు ఇప్పుడు లేరు. ఉంటే ఈ ముక్క ఆవిడకి చదివి వినిపించేదాన్ని.

సరే, చుట్టూ ఉన్నవి అన్నీ దిద్దగలిగితే 741 పెడితే పోయేదేముంది? ఇక్కడే వాడికి ముద్ద దిగనిది.

ఆ కాటా పళ్లెం కింద ఒక లోహపు కడ్డీ ఉంటుంది. బరువు పెడితే అది కంటికి కనపడనంత వంగుతుంది. ఆ వంపుకి కొంచెం కరెంటు తేడా పుడుతుంది. ఎంత? రెండొందల గ్రాములూ నిండా పెడితే పది మిల్లీవోల్టులు. అంటే ఒక్క గ్రాముకి యాభై మైక్రోవోల్టులు. మైక్రోవోల్టంటే వోల్టులో పదిలక్షల వంతు. ఇంత సన్నని గుసగుసని పెద్దది చేసి చెప్పాలి. కానీ ప్రతి ఆపాంపుకీ పుట్టుకతో ఒక పక్షపాతం ఉంటుంది. రెండు చెవుల్లో సమానంగా పోసినా అది సున్నా అనదు, ఒక పక్కకి కొంచెం మొగ్గుతుంది. దీన్ని ఆఫ్‌సెట్ అంటారు. చుట్టూ ఎన్ని రెసిస్టర్లు పెట్టినా ఈ మొగ్గు పోదు. పైగా అసలు మాటతో పాటు అది కూడా పెద్దదవుతుంది. 741కి అది రెండు మిల్లీవోల్టులు ఉండటం మామూలే. ఈ కాటా లెక్కలో నలభై గ్రాములు!

"మరి సున్నా చూపించిందన్నావు?"

"సున్నా బటన్ నొక్కితే అప్పటికి చూపిస్తుంది. పొద్దున తొమ్మిదికి నొక్కినాను, బాగుంది. మధ్యాహ్నం మళ్లీ చూస్తే పళ్లెం ఖాళీగా ఉంది, తూకం మాత్రం జరిగింది. రెండు గ్రాములు దాటింది."

వేడెక్కితే ఆ మొగ్గు మారుతుందట. 741లో కొన్ని రకాలకి ఒక డిగ్రీ వేడికి పదిహేను మైక్రోవోల్టుల దాకా జరగవచ్చు. మా ప్రొద్దుటూరు మే నెల ఎండకి పది డిగ్రీలు పెరగడం ఎంతసేపు? పది పదిహేన్లు నూట యాభై మైక్రోవోల్టులు. అంటే మూడు గ్రాములు. అదే ఓపీ07 అయితే డిగ్రీకి మామూలుగా ఒక మైక్రోవోల్టు లోపే జరుగుతుంది. సగం అనుకున్నా పది డిగ్రీలకి ఐదు. గ్రాములో పదో వంతు. 1975లో జార్జ్ ఎర్డీ అనే ఆయన దాన్ని తయారు చేసిందే ఇలాంటి సన్నని పనుల కోసం.

2025లో గ్రాము బంగారం పదివేలు దాటిపోయింది. మూడు గ్రాములంటే ఎంతో మీరే లెక్కేసుకోండి. అది ఎటు జరిగినా ఎవరో ఒకరి కొంప మునుగుతుంది. ఎక్కువ చూపిస్తే కొనుక్కునే ఆడపిల్ల తండ్రికి, తక్కువ చూపిస్తే పాత గొలుసు అమ్ముకోవడానికి వచ్చిన పేదరాలికి.

"ఇంకొకటి పిన్నమ్మా. ఎనిమిది పిన్నుల్లో పనిచేసే ఐదూ రెండిట్లోనూ ఒకటే చోట ఉన్నాయి. మొగ్గుని దిద్దే పిన్నులే వేరు. 741కి ఒకటి, ఐదు. ఓపీ07కి ఒకటి, ఎనిమిది. అందుకని ఆ దిద్దుబాటు తీగలు నేనే విడగొట్టేసినా."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వాడికి కాటా గురించి. నాకు ఇంకో దాని గురించి.

బదులు పెట్టడం తప్పా? అలా అంటే ప్రపంచం ఒక్కరోజు నడవదు. ఆ 741నే తీసుకోండి. 1968లో ఫెయిర్‌చైల్డ్ కంపెనీలో డేవ్ ఫుల్లగర్ దాన్ని చేశాడు. అంతకు ముందు బాబ్ విడ్లర్ చేసిన 709 ఉండేది. అది పిచ్చి కూతలు కూయకుండా ఉండాలంటే బయట విడిగా కెపాసిటర్లు తగిలించాలి. ఫుల్లగర్ ఒక బుల్లి కెపాసిటర్‌ని చిప్పు లోపలే పెట్టేశాడు. వాడేవాళ్లు హమ్మయ్య అనుకున్నారు. అంటే 741 తానే ఒకదాని బదులు వచ్చి ఇల్లు చక్కబెట్టింది. మన దేశంలో 1967లో ఏ.ఎస్. రావుగారి చేతుల మీదుగా హైదరాబాదులో ఈసీఐఎల్ మొదలైందన్నా, దాని వెనక ఉన్నది పరాయి దేశపు సరుకు బదులు మన సరుకు అన్న పట్టుదలే. 2020 తరవాత రెండు మూడేళ్లు ప్రపంచమంతా చిప్పుల కరువు వచ్చి కార్లు కూడా కంపెనీల్లో ఆగిపోయాయి. అప్పుడు ఇంజనీర్లందరికీ ఇదే పని: ఇది లేదు, దీని బదులు ఏది?

మనకి మాత్రం కొత్తా? చింతపండు లేకపోతే నిమ్మకాయ పిండి పులిహోర చేయమూ? అదీ పులిహోరే. కాకపోతే చింతపండు రసాన్ని పొయ్యి మీద ఉడికించినట్టు నిమ్మరసాన్ని ఉడికించారా, చేదెక్కి కూర్చుంటుంది. పొయ్యి దించి, అన్నం కాస్త ఆరాక పిండాలి. నిమ్మకాయది తప్పు కాదు. దాన్ని చింతపండులా చూసినవాళ్లది తప్పు.

ఆపాంపుల్లోనూ ఇంతేనట. 5534 అని ఒకటుంది. 741 కన్నా చాలా చురుకు, పాటలు వినే యంత్రాల్లో దానికి మంచి పేరు. "మంచిది కదా" అని తీసుకెళ్లి 741 చోట పెడితే కొన్ని చోట్ల అది నిలవదు. తనలో తానే కూత మొదలుపెడుతుంది. మూడు రెట్ల కన్నా తక్కువ పెంచే చోట దానికి ఒక చిన్న కెపాసిటర్ తోడు ఇవ్వాలి. టీఎల్071 అని ఇంకోటి. చెవులు మహా సున్నితం, చక్కగా పనిచేస్తుంది. కానీ పాతరకం వాటిని వాటి హద్దు దాటించారా, ఔననాల్సిన చోట కాదంటాయి. మాట అడ్డం తిరిగిపోతుంది. అంటే పాతదాని కన్నా మేలైనది తెచ్చినంత మాత్రాన ఇల్లు మేలు కాదు. ఎన్ని ఇళ్లలో చూడలేదు మనం, "మొదటామె కంటే చదువుకుంది, చలాకీ అయినది" అని తెచ్చుకుని, ఆ చలాకీతనానికి చోటివ్వకుండా, ఆమె గొంతెత్తితే "అయ్యో, కూస్తోంది" అని చెవులు మూసుకోవడం!

కాబట్టి బదులు వచ్చినదాన్ని ఎలా తూచాలి? పోయినదానితో ఎంత పోలిక ఉంది అని కాదు. ఆ చోటు ఏం అడుగుతోంది, ఆ అడిగినదాన్ని ఇది ఇవ్వగలదా అని. గంట మోగించే చోటికి 741 చాలు. అక్కడ ఓపీ07 పెడితే డబ్బు దండగ. బంగారం తూచే చోటికి 741 చాలదు. ఇంట్లో వంటకి మనిషి కావాలా, లెక్కలు రాయడానికి కావాలా, ఐదేళ్ల పిల్లవాడు రాత్రి ఉలిక్కిపడి లేస్తే పక్కన ఉండటానికి కావాలా? మా పెళ్లిలో అందరూ నన్ను చూసి, "ఆమె అంత ఎత్తు లేదు, రంగు మాత్రం ఆమె కంటే నయం" అన్నారు. ఎత్తూ రంగూ పిల్లవాడికి దేనికి?

ఇంతవరకు వచ్చేసరికి నా మనసు తేలిక పడాలి. పడలేదు. ఎందుకంటే నా ఆఫ్‌సెట్ నాకు తెలుసు.

చిన్నది పుట్టాక, ఇద్దరికీ ఒకే కంచం కొలత పెట్టుకున్నాను. ఇద్దరికీ పండక్కి ఒకే ధర బట్టలు. ఎవరొచ్చి చూసినా సున్నా దగ్గర సున్నా. కానీ ఒంట్లో బాగా లేనప్పుడు, మా వారితో మాటా మాటా వచ్చినప్పుడు, వంటింట్లో ఉక్కపోసి ఒళ్లు మండిపోతున్నప్పుడు, పాలగ్లాసు ఎవరు ఒలకబోసినా నా నోటికి ముందు వచ్చే పేరు వాడిదే. ఒకసారి చూడకుండానే వాడిని అరిచాను. ఒలకబోసింది చిన్నది. వాడు ఏమీ అనలేదు. గుడ్డ తెచ్చి తుడిచాడు. చల్లగా ఉన్నప్పుడు కనపడని మొగ్గు వేడెక్కితే బయటపడుతుందని ఆపాంపుల పుస్తకంలో అచ్చు వేశారు. మా ఇంట్లో అచ్చు వేయలేదు, అంతే తేడా.

కన్నతల్లులకి మొగ్గు ఉండదా? ఉంటుంది. పెద్దది, చిన్నది, మగపిల్లాడు, ఆడపిల్ల అని బోలెడు ఉంటుంది. కానీ నా సంగతి వేరు. నేను దిద్దుబాటు తీగలు తెంపేసిన మనిషిని.

వాణ్ణి ఒకటో తరగతిలో చేర్చేటప్పుడు దరఖాస్తు నేనే నింపాను. "తల్లి పేరు" అన్న గీత దగ్గర ఒక్క క్షణం ఆగాను. మా వారు పక్కనే ఉన్నారు, ఏమీ అనలేదు. నా పేరు రాసేశాను. బళ్లో పిల్లలు సవతితల్లి అని ఏడిపించకూడదని, వాడు అందరిలా ఉండాలని. నిజంగా ఆ ఉద్దేశంతోనే రాశాను. పదో తరగతి సర్టిఫికెట్ దాకా అదే పేరు వచ్చింది. ఇంట్లో ఆమె ఫోటో హాల్లోంచి బీరువా పైకి, బీరువా పైనుంచి ట్రంకుపెట్టె లోపలికి వెళ్లింది. "పిల్లవాడు బెంగ పెట్టుకుంటాడు" అని పెద్దలన్నారు. నేను కాదనలేదు. వాడు కొన్నాళ్లు నన్ను అమ్మా అన్నాడు. పదేళ్లొచ్చాక ఎవరు చెప్పారో, ఒకరోజు పొద్దున్నే "పిన్నమ్మా, సద్ది కట్టినావా?" అన్నాడు. ఆ రోజు నేను దొడ్లోకి వెళ్లి ఏడ్చాను. నా స్థానం లాగేసుకున్నాడనుకున్నాను. అది నా స్థానమే అయినట్టు!

నాలుగు రోజుల తరవాత హైదరాబాదు నుంచి కొరియర్లో వాడి ఐసీలు వచ్చాయి. ఓపీ07 దొరకలేదు గానీ దాని తరవాత వచ్చిన ఓపీ77 దొరికింది. దిద్దే పిన్నులు కూడా ఓపీ07వే. కవరు విప్పగానే వాడు చేసిన పని చూసి నేను తెల్లబోయాను. చెల్లెలి గోళ్లరంగు తుడిచే మందు సీసా తెచ్చి, దూదిని అందులో ముంచి, ఐసీ వీపు మీద రుద్దడం మొదలుపెట్టాడు. చిన్నది ఇల్లు పీకి పందిరేసింది, "నా సీసా!" అని.

"ఇది అసలుదో కాదో చూడల్ల. పాత ఐసీల మీద పేరు అరగదీసి, నల్లరంగు పూసి, కొత్త పేరు అచ్చేసి అమ్ముతారు. రుద్దితే కొన్ని దొంగవి బయటపడతాయి" అన్నాడు.

దూది నల్లబడలేదు. పేరు చెరగలేదు.

"741ని 741 అని చెప్పి పెడితే తప్పు లేదురా?" అని అడిగాను.

"దానికేం తప్పు? దాని పుస్తకంలో దాని లోపాలన్నీ వాళ్లే రాసి పెట్టినారు. ఇంత మొగ్గుతుంది, ఇంత వేడికి ఇంత జరుగుతుంది అని. తెలిస్తే మనం జాగర్త పడతాం. దిద్దుకుంటాం, లేదంటే గంటగంటకీ సున్నా చేసుకుంటాం. దాని మీద ఓపీ07 అని రాస్తేనే మోసం. అప్పుడు తూకం జరిగితే ఎవరికీ అనుమానం రాదు. ఐసీని వదిలేసి అన్నిటినీ అనుమానిస్తారు. కాటాని, ఎండని, తూచిన మనిషిని."

నేను ఇరవై ఏళ్లుగా పాత్రల చేత మాట్లాడిస్తున్నాను. ఇంత సూటి మాట ఏ పాత్ర చేతా చెప్పించలేదు.

మా ప్రొద్దుటూరు బంగారం వీధిలోనూ న్యాయం ఇదే. ఒక గ్రాము బంగారం పూత నగ అని చెప్పి అమ్మితే అందులో పాపం లేదు. పెళ్లిళ్లలో మనమే పెట్టుకుని మురుస్తాం. దాన్నే ఇరవై రెండు క్యారెట్లని అమ్మితే జైలు. అందుకే 2021 నుంచి హాల్‌మార్కు తప్పనిసరి చేశారు. 2023 ఏప్రిల్ నుంచి ప్రతి హాల్‌మార్కు నగ మీదా ఆరు అక్షరాల గుర్తు ఉండాలన్నారు. నగ తన పేరు తాను చెప్పుకోవాలన్న మాట.

అప్పుడు నాకు తెలిసింది, నేను చేసిన పొరపాటు ఈ ఇంటికి బదులు రావడం కాదని. వాణ్ణి కొన్నిసార్లు కారణం లేకుండా కసురుకోవడం కూడా కాదు, అది దిద్దుకోదగ్గదే. పేరు అరగదీయడం. అమ్మ అన్న పేరు నా మీద అచ్చు వేసుకున్నాక, నా మొగ్గుని మొగ్గు అనుకునే వీలు నాకూ లేకపోయింది, వాడికీ లేకపోయింది. కన్నతల్లి కసిరితే పిల్లవాడు "అమ్మకి కోపం" అనుకుంటాడు. అమ్మ పేరు పెట్టుకున్న నేను చెల్లెల్ని వదిలి తనని కసిరితే, పిల్లవాడు ఏమనుకోవాలి? తనలోనే ఏదో లోపం ఉందనుకోడూ? తూకం జరిగినప్పుడు తూచిన మనిషిని అనుమానించినట్టు! "నేను నీ పిన్నమ్మని. మీ అమ్మ వేరే ఉండేది. నాకు కోపం వస్తే తూకం తప్పుతుంది, అప్పుడు నాకు చెప్పు" అని మొదటిరోజే అనుంటే, వాడు గుడ్డ తెచ్చి మౌనంగా తుడవాల్సిన పని ఉండేది కాదు. ఒకవేళ తుడిచినా, "ఒలకబోసింది నేను కాదు పిన్నమ్మా" అని తుడిచేవాడు.

మీలో కొందరికి ఈ మాట కటువుగా ఉండవచ్చు. "పసివాడికి నిజం చెప్పి ఏడిపించాలా? ప్రేమగా చూస్తే చాలదా, పేరుతో పనేమిటి?" అనవచ్చు. నేనూ పదహారేళ్లు అలాగే అనుకున్నాను. ప్రేమ చాలదని ఇప్పుడూ అనను. కానీ ప్రేమకి కూడా సున్నా ఎక్కడుందో తెలియాలి. లేకపోతే ఎంత ఇచ్చామో, ఎంత ఇచ్చామని అనుకుంటున్నామో తేడా తెలియదు. ఇంకో సంగతి కూడా ఉంది. చేబదులు తెచ్చుకున్న చక్కెర తిరిగి ఇవ్వాలని మా వైపు చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఇచ్చేదాకా ఆ గ్లాసు ఎవరిదో గుర్తుంచుకుంటాం. ఇంకొకరి బిడ్డని, ఇంకొకరి వంటిల్లుని, ఇంకొకరు మొలకెత్తించిన కరివేపాకు చెట్టుని బదులు తీసుకున్నాను నేను. తిరిగి ఇవ్వడం ఎలాగూ కుదరదు. కనీసం ఎవరిదో గుర్తుంచుకోవాలి కదా.

వాడు కాటా బాగుచేశాడు. విడగొట్టిన తీగల్ని మళ్లీ అతికించి, మొగ్గు దిద్దాడు. పొద్దునా మధ్యాహ్నమూ రెండు రోజులు వరసగా తూచి చూసి కాగితం మీద రాసుకున్నాడు. తూనికలు కొలతల శాఖ వాళ్ల ముద్ర మళ్లీ పడితేనే అది అంగడికి వెళ్తుంది. మూత బిగించే ముందు లోపల ఒక చిన్న కాగితం ముక్క అతికించాడట: "07 బదులు 77" అని, కింద తారీఖు. "ఇంకెవరన్నా రేపు విప్పితే వాళ్లకి తెలియల్ల కదా" అన్నాడు.

ఆ సాయంత్రం ట్రంకుపెట్టె తీశాను. ఫోటో మీద బూజు ఏమీ లేదు. గుడ్డలో చుట్టి ఉంది. ఎవరు చుట్టారో నాకు తెలియదు, నేనైతే చుట్టలేదు. మా వారిని అడిగితే కిటికీ వైపు చూస్తూ, "ఏమో" అన్నారు. ఆ సంగతి ఇంకో వ్యాసమవుతుంది లెండి.

వాణ్ణి పిలిచి, ఒకటో తరగతి దరఖాస్తు సంగతి చెప్పాను. నా చేత్తో నేనే రాశానని చెప్పాను. పాలగ్లాసు సంగతి కూడా. గొంతు సరిగా లేవలేదు గానీ చెప్పాను. వాడు చాలాసేపు ఫోటోనే చూశాడు. అందులో ఆమెకి వాడి వయసు కంటే నాలుగైదేళ్లు ఎక్కువ ఉంటాయేమో.

"పాలగ్లాసు నాకు గుర్తుంది" అన్నాడు.

ఆ మాట నేను అనుకున్నదే. అయినా ఎక్కడో తగిలింది.

కాసేపయ్యాక, "సర్టిఫికెట్లో పేరు మార్చల్లంటే ఆఫీసుల చుట్టూ ఎన్నాళ్లు తిరగల్లనో ఏమో పిన్నమ్మా. అది అట్లనే ఉండనీ. పైన కాగితం ముక్క అతికిద్దాం" అని, మేకు, సుత్తి తెచ్చాడు.

ఫోటో ఇప్పుడు హాల్లో ఉంది. వచ్చినవాళ్లు ఎవరని అడుగుతారు. "మా వాడి అమ్మ" అని చెబుతాను. "మరి మీరు?" అని అడిగినవాళ్లూ ఉన్నారు. ఆ ప్రశ్నకి మొదట్లో తడబడ్డాను. ఇప్పుడు బదులు చెప్పడం వచ్చింది.

ఎండాకాలం ఇంకా అయిపోలేదు. మధ్యాహ్నం రెండింటికి వంటిల్లు పొయ్యిలా ఉంటుంది. నా నోరు అప్పుడప్పుడూ ఇంకా వాడి మీదకే లేస్తుంది. ఇప్పుడు వాడు మౌనంగా ఉండటం లేదు. గదిలోంచి తల బయట పెట్టి, "పిన్నమ్మా, రోంత సున్నా చేసుకో" అంటాడు. చిన్నది పకపకా నవ్వుతుంది. దానికి అర్థం కాదు. నాకు మాత్రం అర్థమై, చన్నీళ్లతో మొహం కడుక్కుని వస్తాను.